మాస్టారి పాటలో ఒక దెబ్బ ఎక్కువ

మా ఫిడేలు మాస్టారు పోయారని ఆయన కూతురు మంగళవారం పొద్దున మెసేజ్ పెట్టింది. నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. నా వంతు రాగానే చేసిన పనీ చేయబోయే పనీ గడగడా అప్పజెప్పి, కెమెరా ఆపి, లేచి గదంతా తిరిగాను. ఆ తిరగడం ఇంకా ఆగలేదు.

మాస్టారిది నార్త్ కరోలినా కొండల్లో చిన్న ఊరు. రిటైరయ్యాక మోరిస్‌విల్‌లో కూతురి దగ్గరికి వచ్చి, మా వీధి చివర గరాజ్ తలుపెత్తి ఫిడేలు వాయించేవారు. చిన్నప్పుడు విజయవాడలో ఎనిమిదేళ్ళు వయొలిన్ నేర్చుకున్నదాన్ని, చెవిన పడ్డాక ఊరుకోలేక వెళ్ళాను. కుర్చీ చూపించారు. నేను అలవాటుగా నేల మీద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల మడమకు ఆనించాను. ఆయన కాసేపు చూసి, తన కుర్చీ పక్కకు నెట్టి, డెబ్బై తొమ్మిదేళ్ళ మోకాళ్ళు టపటపమంటుంటే తనూ కింద కూర్చున్నారు. లేవడానికి నేనే చెయ్యిచ్చాను.

వాళ్ళ కొండల్లో వాగు దాటితే కమాను పట్టు మారుతుందట, నాట్యంలో అడుగూ మారుతుందట. ఒకే పాటను మూడు ఊళ్ళ తీరులో వాయించేవారు. ఏది బాగుందని అడిగితే మాత్రం కోప్పడేవారు. పాటను కాగితం మీద రాసుకోవడం ఒప్పుకునేవారు కాదు. రికార్డు చేసుకుంటానంటే, "పాట ఫోన్‌కి వస్తుంది, నీకు రాదు," అనేవారు. ఆయన ఇంగ్లీషును నా తెలుగులో రాస్తున్నాను లెండి.

వాళ్ళ తాతగారి పాట ఒకటి నాకు నేర్పారు. ఆయన తప్ప వాయించేవాళ్ళెవరూ మిగల్లేదు. రెండో భాగంలో నా వేళ్ళ లెక్కకు ఎప్పుడూ ఒక దెబ్బ ఎక్కువ వచ్చేది. పెద్దాయన, తాళం తప్పుతున్నారనుకున్నాను. పెద్దవాళ్ళకు తప్పు చూపించడం మా ఇంటావంటా లేదు. గుట్టుచప్పుడు కాకుండా పాటను ఎనిమిది దెబ్బల ఆది తాళంలోకి సర్దేశాను. అంతటితో ఊరుకున్నానా? కాగితం మీద రాసి, ఆయన దగ్గర నేర్చుకునే మిగతా ఆరుగురికీ పంచాను.

ఓ ఆదివారం మేమంతా కలిసి వాయిస్తుంటే ఆయన కమాను దించి విన్నారు.

"నయం చేశావన్నమాట. దానికి జబ్బేమీ లేదు," అన్నారు.

నవ్వుతూనే అన్నారు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. వచ్చే ఆదివారం మొదటి నుంచి నేర్పమన్నాను. ఆ ఆదివారానికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు.

ఇప్పుడు ఆ దెబ్బ ఉందని తెలుసు, ఎక్కడుందో తెలీదు. చెయ్యి సర్దిన పాటనే వాయిస్తోంది. మిగతా ఆరుగురికీ నా కాగితంలో ఉన్నదే వచ్చు. అసలు పాట ఆయనతో పోతే పోగొట్టింది నేనే. కూరగాయలు తరుగుతూ లెక్కే, కార్లో లెక్కే.

"స్టీరింగ్ మీద దరువు ఆపి లేన్ చూస్కో. అప్పుడే రికార్డ్ చేసుండాల్సింది," అన్నాడు మా ఆయన. ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

తను పోయాక ఉపన్యాసాలు వద్దు, డాన్స్ పెట్టండని మాస్టారు చెప్పి ఉంచారట. శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో, చెక్క నేల మీద పెట్టారు. కొండల నుంచి ఆయన చెల్లెలు వచ్చింది. తాత పాట వాయించమంది. తప్పించుకోలేక మొదలుపెట్టాను. ఆవిడ చేతులు వదిలేసి, నడుం నిటారుగా ఉంచి, బూట్లతో నేల మీద తాళం వేస్తూ ఆడింది. రెండో భాగంలో అడుగు తడబడి ఆగిపోయింది. మళ్ళీ వాయించమంది. మళ్ళీ అక్కడే ఆగింది.

"మీ అన్నయ్య పాటను నేనే పాడుచేశానండీ. ఆయన సరిచేసేలోపే..." నాకు ఏడుపొచ్చేసింది.

"తర్వాత ఏడుద్దువుగాని. నా కాళ్ళు చూస్తూ వాయించు," అంది ఆవిడ.

మూడోసారి చూస్తూ వాయించాను. రెండో భాగం సగంలో ఆవిడ కుడికాలు లేచి, ఒక దెబ్బసేపు గాలిలో నిలిచింది. నా చెయ్యి పరిగెత్తబోయింది. ఆపుకున్నాను. ఆ నల్లబూటు మడమ నేలను తాకేదాకా, అదే స్వరం మీద కమానును మెల్లగా లాగుతూనే ఉన్నాను.