జమ్మి ఆకు దగ్గర ఆగిన పుస్తకం

వనపర్తిలో ఓ కళాశాల వాళ్లు పెట్టిన పాత వస్తువుల గదిలో మా అన్న పుస్తకం ఉంది. టీవీకి తగిలించి వాడే తొలినాటి ఇంటి కంప్యూటర్‌తో పని చేయించడం ఎలాగో నేర్పే ఇంగ్లీషు పుస్తకం. అట్ట మూలలు చెదలు రుచి చూసినవే. మొన్న ఆ గది చూసుకునే అమ్మాయి ఫోన్ చేసింది: పేజీల మధ్య ఎండిన ఆకు ఒకటుంది, తీసేయాలి, ఒకసారి రండి అని. ఆ ఆకు సంగతి తేల్చే ధైర్యం నాకు లేక వదినెను వెంటబెట్టుకొని పాన్‌గల్‌లో బస్సెక్కాను. ఆ పుస్తకం దానం చేసింది నేనేనని దారి పొడుగునా పక్క సీటాయనకు చెప్పాను. ఇచ్చింది వదినె. నేను మోసుకెళ్లాను, అంతే.

అమ్మాయి కాగితం, పెన్ను పట్టుకొని, "తాతా, దీని కింద ఏం రాయమంటరు?" అని అడిగింది. గొంతు సవరించుకున్నాను. "సుట్టుపక్కల తొలి కంప్యూటర్ మా ఇంట్లనే నడిచింది, రాసుకో బిడ్డా. గద్వాల నుంచి గూడ జనం బండ్లు కట్టుకొని చూడనీకి వచ్చేటోళ్లు."

వదినె నా దిక్కు చూసింది. "ఏం కంప్యూటర్, మరిదీ? గిన్నె, చింతగింజలు గద! వచ్చింది పక్కింటి ముసలమ్మ ఒక్కతే. గదీ జల్లెడ అడగనీకి."

నిజమే, ఒప్పుకుంటున్నాను. అన్న ఆత్మకూరు బడిలో లెక్కల సారు. బడికి వచ్చిన కంప్యూటర్ పెద్దసారు గదిలో గుడ్డ కప్పుకొని పెండ్లికూతురిలా కూర్చునేది. తనిఖీ రోజున తప్ప ముసుగు తీసేవాళ్లు కాదు. అందుకని అన్న పుస్తకం ఒక్కటే ఇంటికి తెచ్చాడు. "మిషన్ లేకుంటేంది? మనుషులున్నరు గద!" అని పంచలో వదినె ముందు గిన్నె పెట్టాడు, ఒళ్లో చింతగింజలు పోశాడు. గింజలు ఎన్నో అరిచి చెప్పడం నా పని. పుస్తకంలో వరుసలకు నెంబర్లుంటాయి. వాటిని అన్న తెలుగులో చదివేవాడు. ఒక గింజ వెయ్యి. ఎన్ని ఉన్నాయో చెప్పు. ఇంకోటి వెయ్యి. మళ్లీ వెనకటి వరుసకు పో. అక్షరం రాని వదినె ఎక్కడా తప్పలేదు. నేనూ తప్పలేదని రాద్దామనుకున్నాను గానీ, మధ్యలో కునుకు తీసిన మాట వాస్తవం.

ఓ రోజు అట్లా గింజలు పడుతూనే ఉన్నాయి, గిన్నె నిండింది, వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. వదినె లేవబోయింది.

"ఆగమని నేను చెప్పిన్నా? చెప్పకుంటే మిషన్ ఆగదే," అన్నాడు అన్న.

"అన్నం మాడుతున్నా ఆగదా? గదేం తెలివయ్యా!"

అన్న కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "ఆపుడు ఎట్లనో ఎన్క పేజీల ఉన్నది. పండుగైనంక చెప్త."

తెల్లారి దసరా. పుస్తకాలన్నీ పూజలో పెట్టాం. పూజలో ఉన్న పుస్తకం ఆ రోజు చదవకూడదు. సాయంత్రం జమ్మి తెచ్చి వదినె చేతిలో పెట్టిన అన్న, చదవడం ఆపిన చోట ఒక ఆకు తనే పెట్టాడు. ఆ రాత్రే జ్వరం. దవాఖానకు తీసుకెళ్లాం. మనిషి తిరిగి రాలేదు. పుస్తకం వదినె పెట్టెలోకి చేరింది, ఆకుతో సహా. ఇదంతా వదినె అమ్మాయికి చెప్పింది.

"ఆకు ఉంటే పురుగు పడుతదమ్మా," అంది అమ్మాయి, మెల్లగా.

వదినె పుస్తకమున్న అద్దాల పెట్టె మీద చెయ్యి పెట్టింది. "తియ్యి బిడ్డా. పేజీ మాత్రం తిప్పకు."

అమ్మాయి పెట్టె తాళం తీసి, ఊపిరి బిగబట్టి ఆకు ఎత్తి వదినె అరచేతిలో పెట్టింది. కాగితం మీద ఆకు నీడ మాత్రం గోధుమరంగులో అట్లాగే మిగిలింది. ఆ పిల్లకు మనసు కరిగినట్టుంది. "ఎన్క పేజీల ఆపుడు గురించే ఉన్నదమ్మా. సదివి చెప్పాల్నా?"

"వద్దు," అంది వదినె, ఆకును కొంగున ముడేసుకుంటూ. "ఆయన చెప్తనన్నడు."

కింద రాయమన్న నా గొప్పలు కొట్టేయమని అమ్మాయికి చెప్పాను. కాలం మనిషిని ఆపగలిగింది గానీ, పండుగైనంక చెప్తానన్న మాటను ఆపలేకపోయింది. అది ఇంకా ఏదో గిన్నెలో ఒక్కొక్క గింజే వేస్తూ ఉంది.