తప్పుగా కాలిన ఒక్క వరుస

నాకు జరిగిన అన్యాయాలన్నీ దొరికినవాళ్లందరికీ చెప్పుకున్నాను. నేను చేసిన ఒక్కదాన్ని మాత్రం ఇన్నేళ్లూ నాలోనే మోశాను. అది నా చిటికెన వేలికంటే చిన్న చిప్పులో ఉంది. మీకు చెబుతున్నాను. విచిత్రమేమిటంటే, చెప్పబోతుంటే ఆనాటి ఉత్సాహమే మళ్లీ వేళ్లలోకి పాకుతోంది.

డెబ్బైల చివర. నాంపల్లిలో ఒక స్కూల్లో సైన్సు చెప్పేవాణ్ని. క్విజ్ ఫైనల్‌కు యంత్రం చేయమన్నారు. రెండు బల్లలు, రెండు బటన్లు, రెండు లైట్లు. ఎవరు ముందు నొక్కితే వారి లైటు వెలగాలి. తర్వాత రెండోవారు నొక్కినా అది మారకూడదు. అంతే.

ఆబిడ్స్‌లో రేడియో సామాన్ల కొట్టు శంకరయ్యది. ఆయన దగ్గర బొంబాయి నుంచి వచ్చిన కొత్త రకం చిప్పు ఒకటే ఉంది. లోపల వెంట్రుకలాంటి తీగలు. ఏ బటన్ నొక్కితే ఏం జరగాలో ముప్పైరెండు వరుసల పట్టిక రాసుకుని, దాని ప్రకారం కరెంటుతో తీగలు కాల్చాలి. మన ఆలోచన చిప్పులో ఉండిపోతుంది! చూడగానే నాకు ఒళ్లు పులకరించింది.

శంకరయ్య నవ్వాడు. "ఏంది సార్, రెండు లైట్లకు గింత షోకా? మామూలు చిప్పులు నాలుగు పెట్టుకోరాదు? తప్పయితే వైరు పీకి మల్ల అతికిద్దాం. గిది ఒక్కపారి కాలితే ఐపాయె. మీ ఆంధ్ర సార్లకు పుస్తకంల సూసిందల్లా కావాలె!"

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆ చిప్పే కొన్నాను. కాల్చడానికి ఆయన పవర్ సప్లై పెట్టె కూడా అడిగి తెచ్చుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నమంతా ఒక్కో వరుసా కాల్చాను. అంత ఆనందం నా జీవితంలో తక్కువ. పెట్టె తిరిగిచ్చేసి వచ్చాక పరీక్షించాను. ఒక వరుసలో పొరపాటు. కుడి లైటు ముందు వెలిగినా, ఆ బటన్ నొక్కి ఉండగానే ఎడమవాళ్లు నొక్కితే, లైటు ఎడమకు దూకుతోంది.

దారి లేదా? ఉంది. చిప్పుకు నేను వాడని కాళ్లు, అంటే పిన్నులు, ఇంకా ఉన్నాయి. వాటి తీగలు కాలలేదు, సరిచేసిన పట్టిక వాటి మీద మళ్లీ కాల్చుకోవచ్చు. కానీ పెట్టె మళ్లీ అడగాలి. ఎందుకని ఆయన అడుగుతాడు. ఆ నవ్వు మళ్లీ వినాలి. ఇద్దరూ ఒకేసారి నొక్కి ఉంచడం ఎంత అరుదు అని నాకు నేనే చెప్పుకున్నాను. నమ్మానా? లేదు.

ఫైనల్లో కుడి బల్ల దగ్గరికి సుజాత వచ్చి కూర్చుంది. శంకరయ్య కూతురు. గెలిచినవారే రాష్ట్ర పోటీకి వెళతారు. అప్పుడైనా లేచి ఆపవలసింది. ఆఖరి ప్రశ్నకు ఇద్దరూ నొక్కారు. కుడి లైటు రెప్పపాటు వెలిగి, ఎడమకు దూకింది. అది చూడాలని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. చూశాను.

"సార్, నేనే ముందల నొక్కిన. నా లైటు ఎలిగింది, సూసిన."

"యంత్రం అబద్ధం చెప్పదమ్మా. నీ వేలే ఆలస్యమైంది."

"ఔ సార్," అని ఆ పిల్ల తన వేలు చూసుకుంది.

శంకరయ్య కూతురు ఓడిందని నాలో ఎక్కడైనా సంతోషం కలిగిందా? ఎంత తవ్వుకున్నా లేదని గట్టిగా అనలేకపోతున్నాను, ఎందుకంటే మర్నాడు ఆయన కొట్టుకు నడిచిన నడకలో హుషారు ఉంది.

ఆయన లేచి నిలబడ్డాడు. "మా పిల్ల చెయ్యి జర స్లో సార్. మీ చిప్పు మంచిగనే పని చేసింది. నేనే గలత్ మాట్లాడిన, మనసుల పెట్టుకోకుండ్రి."

ఆ మాట కోసమే కాచుకున్నాను. తీసుకున్నాను. పైగా, "పర్వాలేదులే" అన్నాను!

సుజాత మళ్లీ ఏ పోటీకీ పేరివ్వలేదు. ఆ నవ్వును నేను ఈరోజుకీ క్షమించలేదు, అదీ నిజమే. కానీ ఆయన చెప్పుకున్న క్షమాపణ నాకు చెందవలసింది కాదు. చిప్పు నా డ్రాయర్లోనే ఉంది. కాలిన తీగ అతకదు. ఆ వరుసలో ఉండవలసింది ఇక్కడైనా రాస్తాను.

రెండు బటన్లూ నొక్కి ఉన్నప్పుడు, ముందు వెలిగిన లైటే వెలుగుతూ ఉండాలి. ముందు వెలిగింది కుడి లైటు. సుజాతా, అది నీది.