వదినకు సన్మానం జరిగిన రోజు

నిన్న పొద్దున మా వదిన ఫోన్ చేసింది. యూనివర్సిటీ వాళ్ళు ఈ ఏడాది ఉత్తమ సిబ్బంది సన్మానానికి ఆవిడను ముఖ్య అతిథిగా పిలిచారట. "రాలేనని చెప్పేశానమ్మాయ్," అంది. ఎందుకో నాకు తెలుసు. కిటికీలోంచి చూస్తే ఎదురు మామిడితోటలో ఆకు కదలడం లేదు. కాయ పక్వానికొచ్చే రోజుల్లో మా నూజివీడు వైపు గాలి అలా బిగుసుకుందంటే, ఇప్పటికీ నేను ముందు పడమటి ఆకాశం వంక చూస్తాను.

చాట్రాయి వెళ్ళే దారిలో ఉన్న ఆ ప్రైవేటు యూనివర్సిటీ ఆఫీసులో మా వదిన సూపరింటెండెంటుగా చేసేది. పేరుకి ఆ ఉద్యోగమే గానీ, అక్కడ ఏ సభ జరిగినా కుర్చీల దగ్గర్నుంచి మంచినీళ్ళ దాకా ఆవిడ చూడాల్సిందే. మా చర్చిలో క్రిస్మస్ కూడా ఆవిడ చేతి మీదుగానే నడిచేది. పాస్టరుగారి ప్రసంగం సాగిపోతుంటే వెనక బెంచీలోంచి ఆవిడ దగ్గే దగ్గు ఊళ్ళో అందరికీ తెలుసు. పాస్టరుగారికి మరీ తెలుసు. ఇంట్లో పెళ్ళయినా ఆవిడ కూర్చుని తింటుండగా చూసినవాళ్ళు లేరు. ఆఫీసులో ఆవిడకు కుడిభుజం అటెండరు పెద్దాయన. రిటైర్మెంటుకు దగ్గర పడినవాడు. ఆవిడ కళ్ళతో చెబితే ఆయన చేతులతో చేసేసేవాడు.

చాలా ఏళ్ళ కిందట ఒక వేసవిలో వాళ్ళిద్దరికీ కలిపి సన్మానం ప్రకటించారు. రిజిస్ట్రారుగారు మంచి మనిషి. ముందే గట్టిగా చెప్పారు: "ఆరోజు మీరిద్దరూ పెళ్ళివారండీ. దేని మీదా చెయ్యి వెయ్యకూడదు." అలా పని బయటి టెంటు హౌస్ వాళ్ళ చేతికి పోయింది. వాళ్ళు మైదానంలో షామియానా వేసి, లోపలికొచ్చే దారికి ఎత్తయిన ఇనుప ఆర్చి నిలబెట్టి, దాని నిండా ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మీద మా వదిన, పెద్దాయన, దండలతో. ఆ దండల్లో వాళ్ళ ఫొటోలు చూడగానే నాకెందుకో మనసు కీడు శంకించింది.

సాయంత్రం సభ మొదలయ్యేసరికి ఉక్కపోత. పడమట ఆకాశం రాగి చెంబు రంగుకి తిరిగింది. చెట్ల మీద కాకులు కూడా అరవడం మానేశాయి. వదిన ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చుంది. పక్కన నేను, అటుపక్క కొత్త చొక్కాలో పెద్దాయన. వెనకంతా పిల్లలే. ఉపన్యాసాలు నడుస్తుండగా రెడ్డిగూడెం నుంచి మా అన్నయ్య ఫోన్ చేశాడు. అక్కడ తోట కౌలుకు చేసేవాడు.

"అమ్మాయ్, ఇక్కడ గాలిదుమ్ము లేచింది. కాయంతా రాలిపోతోంది. మీవైపే వస్తోంది, మీ వదినకి చెప్పు."

చెప్పాను. వదిన తల తిప్పి ఆర్చి వంక చూసింది. తర్వాత రిజిస్ట్రారుగారి వంక చూసింది. ఆయన చేత్తోనే, కూర్చోండి కూర్చోండి అన్నారు. కూర్చుంది.

కాసేపటికి ఆవిడ పేరు పిలిచారు. శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. అప్పుడే షామియానా గుడ్డ ఒక్కసారి ఉబ్బి, దిగింది. వదిన కృతజ్ఞతలు చెప్పలేదు. "పిల్లలూ, లేవండి. అందరూ ఎదురుగా ఉన్న పరీక్ష హాల్లోకి వెళ్ళండి. ఇప్పుడే," అంది. కొందరు నవ్వారు. "నవ్వకండర్రా, లేవండి!" అని అరిచింది. ఆ గొంతు విన్నాక ఎవరూ నవ్వలేదు.

బయటికి దారి ఆ ఆర్చి కిందనుంచే. పిల్లలు తోసుకుంటూ వెళ్తుండగా దుమ్ము కమ్మేసింది. ఆర్చిని పట్టి ఉంచిన మోకు ఒకటి మేకుతో సహా ఊడింది. పెద్దాయన అది చూశాడు. పరిగెత్తి వెళ్ళి మోకు నడుముకు చుట్టుకుని వెనక్కి వాలి నిలబడ్డాడు. "మేడం, మీరు పిల్లల్ని పంపించెయ్యండి, నేను పట్టుకున్నాను!" అన్నాడు. ఆఖరి వరస పిల్లలు దాటారు. నేనూ వదినా దాటాం. వదిన వెనక్కి తిరిగి, "వదిలేసి రావయ్యా!" అని అరిచింది. ఆయన ముడి విప్పుకుంటూ ఉండగానే ఆర్చి ఆయన మీదికే ఒరిగింది.

విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడో రోజు పోయాడు. ఆయనకివ్వాల్సిన శాలువా వాళ్ళావిడకి యూనివర్సిటీ వాళ్ళు ఇంటికెళ్ళి ఇచ్చినప్పుడు వదినా నేనూ కూడా వెళ్ళాం. ఆవిడ దాన్ని పక్కన పెట్టి, "ఆరోజు అక్కడ అన్నం తిన్నాడాండీ?" అని మా వదిననడిగింది. సభ తర్వాత భోజనాలని ఆయన ఖాళీ కడుపుతో ఉన్న సంగతి మాకిద్దరికీ తెలుసు. వదిన, "తిన్నాడమ్మా," అంది. నాకు తెలిసి ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే.

చాన్నాళ్ళకు, పచ్చడికి కాయ తరుగుతూ, వదిన ఉన్నట్టుండి కత్తిపీట పక్కకి జరిపింది. "నువ్వు ఫోన్ సంగతి చెప్పగానే లేవాల్సిందమ్మాయ్. ఎందుకు లేవలేదో తెలుసా?" అంది. నేనేదో సర్దిచెప్పబోయాను. "రిజిస్ట్రారుగారు కూర్చోమన్నారని కాదు. అలా కూర్చోవడం నాకు బాగుంది. జన్మలో మొదటిసారి బాగుంది."

ఆ ప్రమాదం తర్వాత రిటైరయ్యేదాకా ఏటా ఆ సభ ఏర్పాట్లు ఆవిడే చేసింది, ఏ సభలోనూ కుర్చీలో కూర్చోలేదు. ఆనాటి పిల్లలు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు, కొందరు తమ పిల్లల్ని తీసుకొచ్చి ఆవిడకు చూపించి వెళ్తుంటారు. కాలం గడిచే కొద్దీ అన్నీ మరుగున పడతాయంటారు. ఏళ్ళయితే గడిచాయి గానీ, మా వదినకు ఆ సాయంత్రం ఇంకా పొద్దు గుంకలేదు.