మూడు వేళ్ళకు సరిపడిన పిడి

వెస్ట్ వర్జీనియా కొండల్లో, గడ్డి కోతల రోజుల్లో, ఒలీటా కింబుల్ కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ పోయాయి. గడ్డి మోపులు కట్టే యంత్రంలో తాడు చిక్కుపడితే, మొగుడు డెన్సిల్ ట్రాక్టరు ఆపేదాకా ఆగలేక చెయ్యి పెట్టింది. తప్పు తనదేనని ఆమె పదిమందిలోనూ చెప్పేది. డెన్సిల్ ఆ మాట వినలేకపోయేవాడు. ప్రస్తావన వస్తే చాలు, లేచి పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు. ఆ చేతివంక చూడటం కూడా మానేశాడు.

అంతకుముందు ఆ లోయలో గురి అంటే ఒలీటాదే. గొట్టంలో తుపాకీ మందు కూరి, చెకుముకి రాయితో నిప్పు పుట్టించి కాల్చే పాతకాలపు పిస్తోళ్ళన్నా, రైఫిళ్ళన్నా అక్కడివాళ్ళకు ప్రాణం. నెలకో ఆదివారం చర్చి అయ్యాక తుపాకీ క్లబ్బు మైదానంలో గురి పందేలు జరుగుతాయి. అక్టోబరులో జరిగేది పెద్ద పందెం. గెలిచినవాళ్ళకు ఉప్పులో ఊరబెట్టి పొగబెట్టిన పంది తొడ ఇస్తారు. అది ఏటా ఒలీటా వంటింట్లోనే వేలాడేది. ఆమె వెనకాల రెండోవాడు ఎప్పుడూ వర్జిల్ ప్రాప్స్ట్. పక్క పొలం ముసలాయన, డెబ్బై దాటినా నోటి దురుసు తగ్గనివాడు.

వేళ్ళు పోయిన ఏడాది ఆ పంది తొడ వర్జిల్‌కు దక్కింది. మర్నాడే అందులో సగం ఒక చంకలో, మేపుల్ చెట్టు చెక్క పలక ఒకటి ఇంకో చంకలో పెట్టుకుని ఒలీటా గుమ్మంలో దిగాడు.

“నువ్వు లేకుండా గెలిచానమ్మాయ్. చప్పగా ఉంది.”

“ఉప్పు చల్లుకో.”

“వెక్కిరింతలు తర్వాత. ఇది మా అమ్మ పెరట్లో నాటిన చెట్టు, గాలికి పడిపోయింది. దీంతో నీ చేతికి సరిపడా పిస్తోలు చేసుకో.”

“చేసుకుని దేంతో కాల్చమంటావు, ముక్కుతోనా?”

“ఉంగరం వేలుంది కదా. ఇన్నాళ్ళూ కూర్చుని తిన్నది. ఇక పనిచెయ్యమను.”

ఆమెకు కోపం వచ్చింది. కోపం తగ్గాక పలక తిప్పి చూసింది. చెక్కలో పులిచారల్లాంటి అలలున్నాయి. ఆ వారమే గొట్టానికీ, నిప్పు రాల్చే చెకుముకి కీలుకూ, వేలితో లాగే మీటకూ వేరువేరుగా కబురు పెట్టింది.

ఎడమచేత్తో ఉలి పట్టడం నేర్చుకునేసరికే చలికాలం సగం గడిచింది. గొట్టానికి దీపపు మసి పూసి చెక్కలో అదిమేది. నల్లగా అంటుకున్నచోట పలచగా గీరేది. మళ్ళీ పూసి, మళ్ళీ అదిమి, మళ్ళీ గీరేది. చివరకు గొట్టం ఆ చెక్కలోనే పుట్టినట్టు కూర్చుంది. ఇక కీలుకు గాడి తొలుస్తుండగా ఉలి జారింది. పిడి దగ్గర చెక్క నిలువునా చీలింది. ఒలీటా దాన్ని పొయ్యిలో పెట్టి, ఆ పూట ముద్ద ముట్టకుండా పడుకుంది.

డెన్సిల్ ఈ సంగతి దాణా కొట్టు దగ్గర వర్జిల్ చెవిన వేశాడు. సాయంత్రానికి వర్జిల్ ఇంకో ముక్క తెచ్చాడు. అదే చెట్టు, అవే చారలు. తన కొత్త రైఫిలుకని ఏళ్ళుగా ఆరబెట్టుకున్న పలకలోంచి కోసిన ముక్క అని ఆమె చూడగానే పోల్చుకుంది.

“మరి నీ రైఫిలో?”

“చేసి ఎవరిమీద గెలవను? నాకు పోటీకి రావాల్సిన మనిషేమో ఇంట్లో కూచుని పొయ్యి ఎగదోస్తోంది.”

ఈసారి ఉలి మాట విన్నది. గొట్టం కుదిరింది, కీలు కుదిరింది. మిగిలింది పిడి. గురిపెట్టి నిలబడితే మిగిలిన మూడు వేళ్ళూ చెక్కమీద ఎక్కడెక్కడ పడతాయో అక్కడ గీతలు గీయాలి. గురిపెట్టిన మనిషి కదలకూడదు కాబట్టి గీయడానికి ఇంకొకరు కావాలి. ఒలీటా కొట్టం దాకా వెళ్ళి మొగుణ్ణి పిలిచింది.

“వర్జిల్‌ను పిలవకూడదా?” అన్నాడు డెన్సిల్, పాలచెంబు వైపు చూస్తూ.

“వర్జిల్ నా మొగుడు కాడు. రా.”

పెన్సిలు పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. బొటనవేలు చుట్టూ మొదటి గీత గీసి ఆగాడు.

“ఈ మచ్చ దగ్గర ఒత్తుకుంటుందా?” అని అడిగాడు.

“ఒత్తుకుంటుంది. అక్కడ కాస్త గుంట పడాలి.”

గీశాడు. “ట్రాక్టరు ఇంకొంచెం ముందు ఆపి ఉంటే…”

“నువ్వు ఆపుతూనే ఉన్నావు డెన్సిల్. ఆగనిది నేను. చిటికెనవేలు దగ్గర గీత వంకరపోయింది, చూసి గీయి.”

అతను చూశాడు. అన్ని నెలల తర్వాత మొదటిసారి ఆ చేతిని సరిగ్గా చూశాడు. గీతలన్నీ అయ్యాక కూడా చూపు తిప్పుకోలేదు. చెక్క తీసి బల్లమీద పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒలీటా తొందరపెట్టలేదు. ఆవులు అరిచేదాకా అలాగే నిలబడ్డారు.

మరుసటి అక్టోబరు పందెంలో ఆఖరి అంకం గొడ్డలి. అంచు మనవైపు ఉండేలా గొడ్డలిని మొద్దుకు దిగ్గొట్టి, రెండు పక్కలా మట్టిబిళ్ళలు నిలబెడతారు. గుండు అంచుకు తగిలి రెండుగా చీలి, బిళ్ళలు రెండూ పగలాలి. ఒలీటా మొదటి దెబ్బకు కీలు దగ్గరి మందు భుస్సుమంది గానీ, గొట్టంలోది అంటుకోక గుండు కదల్లేదు. రెండో దెబ్బకు ఎడమ బిళ్ళ ఒకటే పగిలింది. మూడోసారి ఉంగరం వేలు మీటను నెమ్మదిగా లాగింది. పొగ విడిపోయేసరికి గొడ్డలికి ఇరుపక్కలా ఏమీ మిగల్లేదు.

మొత్తం లెక్కలో మాత్రం వర్జిలే గెలిచాడు. ఆ సంగతి ఊరందరికీ చెప్పి, తొడ తీసుకుని నేరుగా ఒలీటా వాళ్ళింటికే భోజనానికి వచ్చాడు.

బల్ల దగ్గర ప్రార్థన ఎప్పుడూ డెన్సిల్ చెప్పేవాడు. ఆ సాయంత్రం ఒలీటా తాను చెబుతానంది. చెయ్యి కుట్టిన డాక్టరమ్మతో మొదలుపెట్టింది. గాలికి పడిన మేపుల్ చెట్టుకూ, దాన్ని నాటిన వర్జిల్ తల్లికీ, రైఫిలు మానుకున్న వర్జిల్‌కూ దేవుడి ఎదుట పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పింది. డెన్సిల్ పేరు దగ్గరకు వచ్చేసరికి ఆగి, మూడు వేళ్ళతో బల్ల కింద అతని చెయ్యి వెతికి పట్టుకుంది.

వర్జిల్ ఒక కన్ను తెరిచాడు.

“ఆమెన్ అనెయ్ తల్లీ. మిగతాది పైనున్న ఆయనకు తెలుసులే. చిక్కుడు గింజలు చల్లారిపోతున్నాయి.”