మేకుకు వేలాడిన చైన్

నా చిన్నప్పుడు మా ముక్తేశ్వరంలో ఏ తాడు కొన్నా రెండు చేతులతో గట్టిగా లాగి చూసి మరీ కొనేవారు. కొబ్బరి పీచు తాళ్లు పేనే ఊరు కావడంతో చిన్నపిల్లలకు కూడా ఆ అలవాటు ఉండేది. తాడుకు అది సరైన పరీక్షే. నేను దాన్ని ఇనుముకు కూడా వాడిన రోజు ఒకటుంది.

మా నాన్నగారిది అంబాసిడర్ టాక్సీ. కాకినాడ ఆసుపత్రికి వెళ్లాలంటే కారును బల్లకట్టులాంటి పంటు మీద ఎక్కించి గోదావరి దాటించి, అవతల కోటిపల్లి రేవులో ఇసుక గట్టు ఎక్కించాలి. నిండా మనుషులుంటే అక్కడ కారు ఆయాసపడేది. అప్పటికి మా పక్కింటి అక్కకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి నొప్పులు మొదలవగానే కాకినాడ తీసుకొచ్చేయమని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అందుకే నాన్నగారు ముందుగానే ఇంజను విప్పించి, లాగుడు పెరిగేలా కొత్త క్యామ్ షాఫ్ట్ వేయించడానికి పూనుకున్నారు.

కార్ల షెడ్డు మేస్త్రీని నేను తాతగారూ అని పిలిచేదాన్ని. ఆయన రాజోలు వైపు నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడ్డ ఒంటరి మనిషి. ఇంజను విప్పాక, ఆ క్యామ్ షాఫ్ట్‌ను తిప్పే టైమింగ్ చైన్ కూడా అరిగిపోయిందనీ, కొత్తది రాజమండ్రి నుంచి రావడానికి రెండు రోజులు పడుతుందనీ చెప్పారు. నాన్నగారి ప్రాణం ఉసూరుమంది. ఈలోగా అక్కకు నొప్పులొస్తే ఊళ్లో వేరే కారు లేదు.

అప్పుడే గోడ మీద మేకుకు వేలాడుతున్న ఒక చైన్ నా కంటపడింది. షెడ్డంతా మసి, అదొక్కటే తళతళలాడుతోంది. పెద్దవాళ్లకు తోచనిది నాకు తోచిందని ఎంత గర్వమో. గబగబా తీసి ఒకవైపు నాన్నగారికి అందించాను, ఇద్దరం తాడు లాగినట్టు లాగాం. పిసరంత కూడా సాగలేదు. ఇదే వేసేయమన్నారు నాన్నగారు.

తాతగారు కోప్పడలేదు. చైన్‌ను నా చేతుల్లోనే పక్కవాటుగా తిప్పి పట్టించారు. పళ్లచక్రానికి ఎటు చుట్టుకోవాలో అటు కాదు, ఎటు వంగకూడదో అటు. మంచిదైతే వెదురు బద్దలా నిలబడాలట. అది మధ్యలో మెల్లగా కిందికి వంగిపోయింది.

"లాగితే తెలీదమ్మా. కీలుకీలుకీ కాస్త కాస్త అరుగుద్ది. పక్కకి తిప్పితేనే బయటపడుద్ది" అన్నారు.

నాన్నగారికి చిరాకేసింది. ఒక్క ప్రయాణానికి ఆగదా, తర్వాత మార్చుకుందాం అన్నారు. తాతగారు పానా కింద పెట్టారు.

"నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నానండీ. కొత్త క్యామ్ షాఫ్ట్ వేసి, పాత చైన్ ఉంచేసేను. పంటు దిగి గట్టు సగం ఎక్కేసరికి చైన్ పళ్లు దాటేసి బండి ఆగిపోయిందండీ. లోపల నొప్పులు పడతా ఉన్నది మా ఆవిడ. ఇద్దరూ దక్కలేదండీ. ఇది ఆ చైనే."

అది ఎందుకు అంత మెరుస్తోందో అప్పుడు తెలిసింది. రోజూ పొద్దున్నే నూనెగుడ్డతో తుడిచేవారట. ఆయన దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని మళ్లీ మేకుకు తగిలించారు.

"ఆయ్, ఆగుదామండీ" అన్నారు నాన్నగారు.

ఆ రెండు రోజులూ అక్క ముఖం చూడాలంటే భయమేసేది. రెండో రోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. కాసేపటికి బస్సులో చైన్ వచ్చింది. తాతగారు ముందు నా చేతికే ఇచ్చారు. పక్కకు తిప్పి పట్టుకున్నాను, వంగలేదు. అప్పుడుగానీ బిగించడం మొదలుపెట్టలేదు. షెడ్డు ముందు కూర్చోబెట్టిన అక్క మూలుగులు వినిపిస్తుంటే ఆయన నిదానం చూసి నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నానికి కారు పంటు ఎక్కింది. తాతగారూ వెంట వెళ్లారు. అవతలి గట్టు ఎక్కేదాకా ఆయన కళ్లు మూసుకునే ఉన్నారని నాన్నగారు తర్వాత చెప్పారు. సాయంత్రం కాకినాడలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమంగా తిరిగొచ్చారు.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. అమలాపురంలో కాన్పుల గదిలో చేసినన్నాళ్లూ, ముందు డ్యూటీవాళ్లు అంతా చూశామని చెప్పినా ఆక్సిజన్ సిలిండర్ మళ్లీ తెరిచి చూసేదాన్ని. చాదస్తమని నవ్వేవారు. నవ్వుకోనిచ్చాను.

తాతగారు పోయేముందు ఆ చైన్ నాకిచ్చారు. ఇప్పుడది మా వంటింటి మేకుకు ఉంది. పొద్దున్నే నూనెగుడ్డతో తుడుస్తాను. నేనెన్నడూ చూడని ఆవిడను తలచుకుని, ఒకసారి పక్కకు తిప్పి పట్టుకుంటాను. ఇప్పటికీ మధ్యలో వంగుతుంది.