డార్‌కీమా దాచిన ఉత్తరం

తువాల్‌బుంగ్‌లో క్రైస్తవుల ఇళ్లు మూడు నుంచి ఇరవై అయ్యాయంటే అందులో మిషనరీ దొరగారి గొప్పేమీ లేదు. ఆయన ఆ ఊరి కొండ ఎక్కింది రెండేసార్లు. రెండుసార్లూ జలగలను తిట్టుకుంటూనే దిగిపోయాడు. ఊరిని ఆ మతం వైపు తిప్పినవాడు సువార్తికుడు డార్‌కీమా. ఇప్పుడు మిజోరం అంటున్న ఆ లుషాయి కొండల్లో అలాంటివాళ్లు చాలామంది తిరిగారు. దొరగార్ల పేర్లు మిగిలాయి, వీళ్ల అరికాళ్లు అరిగాయి.

కుర్రకారు పడుకునే సావడి మెట్ల మీద కూర్చుని అతను పడ్డ ఎగతాళి అంతా ఇంతా కాదు.

"ఏం డార్‌కీమా, మీ దేవుడు కల్లు ముట్టడటగా? మరి పండగపూట ఏం చేస్తాడు, గోళ్లు గిల్లుకుంటాడా?"

"నవ్వండ్రా నవ్వండి. మీ కొండదయ్యాలకి జొరమొస్తే కోడి, ముదిరితే పంది. మా దేవుడికి పిడికెడు బియ్యం చాలు. మీరే చూసుకోండి ఏది చవకో!"

ఆ మాటే పనిచేసింది. గుడికి వచ్చే ఇళ్లలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు పూటపూటా ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. వారానికోసారి అది గుడి బుట్టలోకి చేరేది. డార్‌కీమాకు జీతం అదే. దొరగారు దాన్ని కానుక అన్నారు. ఊరివాళ్లు మాత్రం పందికి బదులు బలి అనుకున్నారు. పిడికెడు తీసినంతకాలం ఇంటికి దయ్యం రాదు, మానితే వస్తుంది. వాళ్లు అలా అనుకుంటున్నారని డార్‌కీమాకు తెలుసు. తెలిసీ సరిదిద్దలేదు. ఇరవై ఇళ్లు ఆరైపోతాయని అతని భయం. అతన్ని తప్పుపట్టాల్సింది ఇక్కడే.

ఆ తర్వాత వెదురు పూసింది. ఆ కాయలు తిని ఎలుకలు పుట్టలు పుట్టలుగా పెరిగాయి. అడవిలో తిండి అయిపోగానే పొలాల మీద పడి మూడు రోజుల్లో వరి ఊడ్చేశాయి. జనం అడవి దుంపలు తవ్వుకుని, పాత బియ్యం నాలుగు గింజలు కలిపి కాచుకునేవారు. ఆ నాలుగు గింజల్లోంచి కూడా పిడికెడు తీశారు.

దొరగారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. కరువు తీరేదాకా ఎవరూ పిడికెడు తీయవద్దు, బుట్టలో ఉన్నది పిల్లలున్న ఇళ్లకు పంచండి, ఈ ఆదివారమే గుడిలో చదవండి అని.

డార్‌కీమా దాన్ని మడిచి ఇంటి చూరులో దోపాడు.

"చదవవా?" అంది భార్య తియాలీ.

"చదివితే, పిడికెడు మానామన్న భయంతో తెల్లారేసరికి అందరూ కొండదయ్యాల పూజారి గుమ్మంలో ఉంటారు. పదేళ్ల కష్టం."

"చదవకపోతే?"

అతను ఆ కాగితాన్ని చూరులోకి ఇంకా లోపలికి నెట్టాడు. గుడి కోసమే ఆపానని తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి అతని పిల్లలు తింటున్నదీ ఆ బుట్టలోదే. మూడు ఆదివారాలు గడిచాయి.

నాలుగోవారం మధ్యలో నైపుయీ కూతురు జామీ చనిపోయింది. నైపుయీ మొగుడు పోయిన మనిషి, ఆ పిల్ల తప్ప ఎవరూ లేరు. ఆరేళ్ల పిల్ల, ఆకలికే పోయింది. మట్టి కప్పి అందరూ వెళ్లాక నైపుయీ అతని ఎదురుగా నిలబడింది.

"నేను ఏ పూట తప్పానో చెప్పండయ్యగారూ. పిల్ల ఏడుస్తున్నా ముందు పిడికెడు తీసే ఎసరు పెట్టాను. మరి దయ్యం ఎట్లా వచ్చింది?"

 డార్‌కీమా ఆ మట్టి పక్కనే కూర్చుని ఉన్నదంతా చెప్పేశాడు. దయ్యమేమీ లేదని చెప్పాడు, ఉత్తరం సంగతి చెప్పాడు, అది చూరులో ఎన్నాళ్ల నుంచి ఉందో కూడా చెప్పాడు.

ఆమె కొత్త మట్టిని అరచేత్తో సర్దింది. తర్వాత, "ఆ బియ్యంతో నా పిల్లకి గంజి అయ్యేది కదా," అంది.

"ఆదివారం అందరి ముందూ ఒప్పుకుంటానమ్మా. నన్ను కొట్టినా పడతాను."

"వద్దు."

"అదేంటమ్మా?"

"మీరు చెప్తే అందరూ వెనక్కి పోతారు. ఈ గుడి మూతపడితే నా పిల్ల ఊరికే పోయినట్టు కదా అయ్యగారూ. ఉత్తరం చదవండి. ఎప్పుడొచ్చిందో చెప్పకండి."

ఆదివారం అతను ఉత్తరం చదివాడు.  బుట్టను ముందుకు జరిపి పిల్లలున్నవాళ్లను రమ్మన్నాడు. ముందు బెంచీలోని ముసలాయన ఒకడు లేచాడు.

"దొరగారిది మంచి మనసే. ఇంతకీ ఇదెప్పుడొచ్చింది?"

డార్‌కీమా నోరు తెరిచాడు. అతని నోట మాట రాకముందే ఆడవాళ్ల వరసలోంచి నైపుయీ గొంతు వినిపించింది.

"నిన్ననే."