మావయ్య రికార్డు ప్లేయరుకు కొత్త కరెంటు

కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియక ఊళ్లకు ఊళ్లు ఇన్వర్టర్లు కొనుక్కున్న కాలం ఒకటుంది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. ఆ రోజుల్లో ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చేత పట్టుకుని రాజాంలో ఒక ఇన్వర్టర్ల షాపులో చేరాను. మా ఓనరు లెక్కలో నేను మెకానిక్కుని, మా అమ్మ లెక్కలో ఇంజనీరుని, నా లెక్కలో మాత్రం సాక్షాత్తూ శాస్త్రవేత్తని (జీతం మాత్రం ఓనరు లెక్క ప్రకారమే వచ్చేది).

సాలూరులో మా మావయ్యకి లారీలున్నాయి. వాటికన్నా ఎక్కువగా ఆయన చూసుకునేది ఒక రికార్డు ప్లేయరుని. విశాఖలో ఏదో ప్రాజెక్టు ముగించుకుని వెళ్లిపోతున్న ఒక అమెరికా దొర దగ్గర కొన్నాడు. దాంట్లో రికార్డు తిరిగే పళ్లెం ఎత్తాలంటే ఇద్దరు కావాలి (ఒకరు ఎత్తడానికి, ఒకరు మావయ్య చేత తిట్లు తినడానికి). మన కరెంటుని నూట పది వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టి నడిపేవాడు. పాటలు కొంచెం సాగుతున్నాయేమో మావయ్యా అని ఎవరైనా అంటే కోపం వచ్చేసేది. "ఒరే, కరీదైన మెషీనురా అది! సవక వాటిలో పాట పరిగెడతాది. ఇందులో పెద్దమనిసినాగ నడిసొస్తాది" అనేవాడు.

మావయ్య దగ్గరున్న రికార్డుల్లో ఒకటి మా చర్చి పాటల బృందం ఎప్పుడో మద్రాసు వెళ్లి పాడి వచ్చిన కీర్తనలది. పాడినవాళ్ల పేర్లున్న దాని అట్టను చెదలు ఎప్పుడో తినేశాయి. అందులో ఒక కీర్తనలో అందరూ ఆగిపోయి, ఒక్క గొంతు మాత్రం ఒక చరణం పాడుతుంది. అది చనిపోయిన మా చిన్నతాతగారి గొంతని మావయ్య చెప్పేవాడు. కాదు, ఆ చరణం పాడింది తనేనని మా పెద్దమ్మ వాదన. ఆవిడ మావయ్యకి సొంత అక్క, నర్సుగా పనిచేసి రిటైరయింది. ఆ బృందంలో అందరికన్నా చిన్నది ఆవిడే, తక్కినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. "అక్కా, అది మగగొంతే. సెవులు సూపించుకో" అనేవాడు మావయ్య. "నా పాట నాకు తెల్దేటిరా?" అనేది ఆవిడ. మేమందరం నవ్వేవాళ్లం. ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

ఒక ఏడాది సంఘ పెద్దలు ఆ చరణం పాడినందుకు చిన్నతాతగారి ఫొటోను చర్చి హాల్లో పెడదామనుకున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక మావయ్య ఇంటికొచ్చి పాట వింటామన్నారు. ఈ సంగతి విని పెద్దమ్మ కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసింది. "గొంతు ఎప్పుడో పోనాది. ఇప్పుడు పాట కూడా పోతన్నాదన్నమాట" అంది. నాకు మనసు చివుక్కుమంది. కానీ నేను విన్నదీ మగగొంతే కదా.

మావయ్య బాధ వేరు. వోల్టేజీ హెచ్చుతగ్గులకు మోటారు గుర్రుమనేది, ఆ గుర్రు పాటలోకి ఎక్కేది. "పెద్దల ముందు నా పరువు పోతాది. ఒరే అల్లుడూ, ఇంత సదువు సదివినావు, ఏటి సేస్తావో నాకు తెల్దు" అన్నాడు. శాస్త్రవేత్తకి పిలుపొచ్చింది! ఊరి కరెంటు మంచిచెడ్డలతో పని లేకుండా, బ్యాటరీ మీద నడిచి, ఆ మోటారుకు కావలసిన కరెంటుని శుభ్రంగా తయారు చేసిచ్చే పెట్టె ఒకటి కట్టాను. షాపులో ఏది కట్టినా యాభై సైకిల్సే, మన దేశంలో కరెంటు సెకనుకు ఊగేది అన్నిసార్లే కాబట్టి దీన్నీ యాభైకే పెట్టాను. ముచ్చటకి, ఆ లెక్క పెంచి తగ్గించే నాబ్ కూడా ఒకటి బిగించాను.

ఆదివారం పెద్దలు వచ్చి కూర్చున్నారు. పాట మొదలైంది. గుర్రు లేదు! మావయ్య తన కొత్త లారీని చూడొచ్చినవాళ్లని చూసినట్టు అందర్నీ చూశాడు. నేను అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ పెద్దల ముందు ఇంకొంచెం గొప్ప చూపించుకోవాలి కదా! వేగం సరిచూసే కాగితపు బిళ్ల ఒకటి ప్రింటు తీసుకెళ్లాను. వేగం సరిగ్గా ఉంటే, ట్యూబ్‌లైటు కింద తిరిగే బిళ్ల మీద గీతలు కదలకుండా నిలబడతాయి. రికార్డు తీసి బిళ్ల పెట్టాను. గీతలు వెనక్కి పరుగెత్తాయి. నాబ్ తిప్పాను. యాభై రెండు, యాభై ఐదు... ఇంకా పరుగే. సరిగ్గా అరవై దగ్గర గీతలు నిలబడిపోయాయి. పళ్లెం తీసి, మెషీన్ని ఎత్తి అడుగున చూస్తే అంకె రాసే ఉంది: అరవై. దొరగారి దేశం కరెంటు అది, మోటారు వేగం ఆ లెక్కని బట్టే! వోల్టులు దించుకున్నాం గాని, ఇన్నేళ్లూ ఆ మెషీను సరైన వేగంతో తిరగనే లేదు.

మళ్లీ రికార్డు పెట్టాను. పాట చకచకా నడిచింది. అందరూ ఆగిపోయే చోటు వచ్చింది. ఆ ఒక్క గొంతు లేచింది. ఆడగొంతు. లేతగా, నిబ్బరంగా, నిండు పద్దెనిమిదేళ్ల ఆడపిల్ల గొంతు!

చరణం పూర్తయ్యేదాకా పెద్దమ్మ కళ్లు మూసుకునే ఉంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "ఏటిరా, మన సిన్నాన్న సీర కట్టుకుని పాడినాడేటి?" అంది. పెద్దలు పకపకా నవ్వారు. మావయ్య ఒక్క నిమిషం నా మీద కళ్లెర్రజేసి, "నా మెషీన్ని పరిగెట్టించేసినావురా" అన్నాడు గాని, మరుక్షణం అక్క చేతులు రెండూ పట్టుకున్నాడు. "తప్పయిపోనాదక్కా" అన్నాడు. ఫొటో ఎవరిది పెట్టాలో పెద్దలు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

అందరూ వెళ్లాక పెద్దమ్మ ప్లేయరు దగ్గరికి కుర్చీ జరుపుకుంది. ఇంకోసారి పెట్టమంటుందనుకుని ముల్లు ఎత్తాను. "ఉండు నాయినా, ఆ నాబ్ ఎనక్కి తిప్పు. మునపట్నాగ తిరగాల" అంది. నాకు అర్థం కాలేదు. "అంత పైకి ఇప్పుడు నాను పాడనేను కదా" అంది. యాభైకి తిప్పాను. పాట నిదానించింది, గొంతు కిందికి దిగింది. ఆ చరణం రాగానే, వయసుతో బరువెక్కిన తన గొంతు కలిపి, తనతో తానే పాడింది. ఎక్కడా తప్పలేదు.

తర్వాత అలాంటి పెట్టెలు చాలా కట్టాను, కొన్ని కాల్చాను కూడా. ఎవరైనా నువ్వేం సాధించావని అడిగితే మాత్రం ఇదే చెబుతాను. ఆ సాయంత్రం రాజాం బస్సులో, తెలియని వాళ్లందరికీ ఈ కథ చెప్పుకుంటూ వచ్చిన ఆ కుర్ర శాస్త్రవేత్తని తలుచుకుంటే నవ్వొస్తుంది. టికెట్టు తీసుకోవడం కూడా మరిచిపోయాడు పాపం. కండక్టరు తిడుతున్నా నవ్వుతూనే కూర్చున్నాడు.